పోపులపెట్టెలోని అడవి

మన యిండ్లలోని పోపులపెట్టెను వంటధ్యాస విడిచి ఒక్కమారు వృక్షశాస్త్రజ్ఞుని కంటితో చూచినచో, అందులోని గిన్నెలు చాలవరకు పొలమునకు చెందినవనియు, ఆ ప్రక్కనే మసాలాల కొఱకు దాచుకొను పొట్లములు చాలవరకు అడవికి చెందినవనియు తెలియవచ్చును. ఆవాలు, మెంతులు, జీలకఱ్ఱ, ధనియాలు ఎండను కోరునవి. ఏటేట విత్తి, ఏటేట కోసి, నేలను మరల దున్నుకొనదగిన పైరులు. మిరియము, ఏలకి, దాల్చినచెక్క, జాపత్రి, బిర్యానీ ఆకు అట్టివి కావు. తడి యారని కొండలలో మహావృక్షముల నీడను పుట్టి, యుగయుగములుగా ఆ నీడకే అలవాటుపడి, తోటలలోనికి వచ్చిన పిదప గూడ దానిని మరువలేని జాతు లివి. వీటిలో కొన్నింటిని మనుష్యుడు మచ్చిక చేసికొన్నాడు. కొన్నింటి కొఱకు నేటికిని సంచి భుజమున వేసికొని అడవికే పోవుచున్నాడు.

ఈ రెండవ తెగలో అన్నింటికంటె చిత్రమైనది రాతిపువ్వు. పేరునకు పువ్వేగాని అది పువ్వు కాదు, ఆకు కాదు, బెరడు కాదు. ఆ మాటకు వచ్చినచో మొక్కయే కాదు. మొన్న ఒకనాడు మసాలా పొట్లము విప్పినపుడు అందుండి ఒక తునకను వేఱుచేసి, పిల్లల భూతద్దము క్రింద నుంచి చూచితిని. పైవైపు పొయ్యిబూడిద రంగు; క్రిందివైపు కాటుక నలుపు; అంచులు నూనెలో పడిన అప్పడమువలె వంకరలు తిరిగియున్నవి. ఆ నల్లనివైపున సన్నని నూగు నడుమ, ఆవగింజలో సగమైనను లేని చెట్టుబెరడు పెచ్చు ఒకటి అంటుకొని యుండెను. ఏ కొండమీది ఏ చెట్టుదో ఆ పెచ్చు! కోసినవాడు రాతిపువ్వును గిల్లినవాడు కాడు, చెట్టును గీకినాడని ఆ పెచ్చు సాక్ష్యము చెప్పుచున్నది.

రాతిపువ్వు లైకెన్ అనబడు జీవి. ఒక శిలీంధ్రమును, ఒక ఆకుపచ్చని శైవలమును కలిసి కాపురము చేయగా ఏర్పడిన దేహ మది. శిలీంధ్రము ఇల్లు కట్టును, తడిని పట్టి యుంచును. శైవలము ఆ యింటిలో కూర్చుండి సూర్యరశ్మితో చక్కెర వండును. దీనికి నేలనుండి నీరు తెచ్చు వేళ్ళు లేవు. క్రింది నూగు చెట్టును పట్టుకొనుటకే గాని చెట్టు రసమును పీల్చుటకు కాదు. మంచు, వాన, గాలిలోని ధూళి, ఇవియే దాని యాహారము. కావుననే గాలిలో గంధకపు పొగ పెరిగిన పట్టణముల చుట్టు అది నిలువలేదు. కావుననే అది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లకు మించి వ్యాపింపజాలదు. మనము ఒక్క పూట బిర్యానీలో వేసికొను అరచేతి వెడల్పు తునకకు పెక్కేండ్ల వయస్సుండును. మినివెట్ అను చిన్న ఎఱ్ఱపిట్ట తన గూటికి సాలెపోగులతో లైకెన్ తునకలను అతికించి, కొమ్మపై బొడిపె యను భ్రాంతి కలుగజేసి, గ్రద్ద కన్ను గప్పును. చెట్టు చెట్టును గీకి పోయినచోట ఆ పిట్ట గూటికి మఱుగు దొరకదు. ఒక చెట్టుపై సగము విడిచి, మఱునాడు ఇంకొక లోయకు పోయి, గీకిన చెట్టువైపు కొన్నేండ్లు చూడకుండుట తప్ప రాతిపువ్వును కాపాడు ఉపాయము వేఱొకటి లేదు. ఆ కొన్నేండ్లు ఎవడు ఆగును, ఎందుకు ఆగును అనునదే ప్రశ్న. ఈ వ్యాసమంతటను మనము తిరిగి తిరిగి చేరుకొను ప్రశ్నయు అదియే.

ముందుగా, ఈ సుగంధము లసలు మొక్కలకు ఎందుకో విచారింతము. మనకు ఘుమఘుమలాడునది పురుగునకు విషము. కదలలేని మొక్క తన శత్రువులతో పోరుటకు చేసికొన్న ఆయుధములే మనము పోపులో వేయు ద్రవ్యములు. ఏడాది పొడుగున పురుగును, బూజును విశ్రాంతి యెఱుగని ఉష్ణదేశపు తడియడవులలో ఇట్టి ఆయుధశాలలు విశేషముగా వర్ధిల్లినవి. మిరియములోని పైపరిన్, దాల్చినచెక్క పట్టలోని సిన్నమాల్డిహైడ్ అట్టివే. మిరపలోని క్యాప్సైసిన్ కథ మఱింత సొగసైనది. మిరప స్వదేశము అమెరికాఖండము. పోర్చుగీసువారి ఓడలలో మనకు వచ్చినది. మన పెద్దలు దాని కారమును చూచి, అంతకు పూర్వము కారమునకు ఆధారమైన మిరియము పేరునే కొంచెము మార్చి దానికి పెట్టినారు. క్యాప్సైసిన్ జంతువుల నోటిని మండించునుగాని పక్షి నోటిని మండింపదు; పక్షికి ఆ మంటను పసిగట్టు నాడీద్వారము మన వలె స్పందింపదు. 2001లో ట్యూక్స్‌బరీ, నబాన్ అను శాస్త్రజ్ఞులు అరిజోనాలోని అడవిమిరపను పరిశీలించి, ఎలుకజాతులు నమలిన మిరపగింజలు మొలకెత్తవనియు, పక్షి కడుపున పడి వచ్చినవి చక్కగా మొలకెత్తుననియు చూపినారు. మిరపచేనిలో రామచిలుక పండును ఒలిచి తినుచుండగా కేకలు వేసి తోలిన ప్రతి తెలుగు బాలుడును ఈ సత్యమును చూచియే యున్నాడు. చిలుకకు మంట ఏల పుట్టదని మాత్రము వాడు అడుగలేదు.

దీనినిబట్టి తెలియున దేమనగా, సుగంధద్రవ్యము ఒంటరి వస్తువు కాదు. దాని వెనుక ఒక పురుగు, ఒక బూజు, ఒక పిట్ట, ఒక నీడ, ఇంత సంసారమున్నది. ఆ సంసారమును చెదరగొట్టి సుగంధమును మాత్రము నిలుపుకొందమని చేసిన ప్రయత్నములు ఏమైనవో మిరియపు తీగ చరిత్ర చక్కగా చెప్పును.

పైపర్ నైగ్రమ్ అను శాస్త్రనామము గల మిరియము పడమటి కనుమల ముద్దుబిడ్డ. రోమనుల బంగారమును మలబారు తీరమునకు రప్పించిన దదియే. ఆ బంగారము పోవుచున్నదని రోములో ప్లినీ యను పండితుడు వాపోయినాడు కూడ. అడవిలోని మిరియపు తీగలలో చాలవరకు ఆడతీగ వేఱు, మగతీగ వేఱు. తోటలోని తీగ లట్లు కావు. వేల సంవత్సరముల యెంపిక వలన ఒకే పువ్వున రెండు లింగములును గల తీగలే రైతుచేత నిలిచినవి. తొలకరి పడగానే వెన్ను వ్రేలాడును. పుప్పొడి వానచినుకుతో, మంచుబొట్టుతో క్రిందికి జారి అదే వెన్నులోని క్రిందిపూలను చేరును. తేనెటీగతో పెద్దగా పని లేదు. పైగా రైతు గింజ నాటడు. నేలబారున ప్రాకు తీగముక్కనే నాటును. అనగా మంచి తీగ ఒకటి దొరికినచో, దాని నకలులే కొండంతటను ప్రాకును. కరిముండ, కొట్టనాడన్, నారాయక్కొడి, మల్లిగేసర మొదలుగా నూరుకు పైగా నాటురకములు ఇట్లు పుట్టినవే. 1971లో కేరళలోని పన్నియూరు కేంద్రమునుండి మొదటి సంకరజాతి వెలువడినది. నకలు తీగలకు ఒక సుఖము, ఒక ప్రమాదము. అన్నియు ఒక్కరీతిగా కాయుట సుఖము. అన్నియు ఒక్క తెగులుకే లొంగుట ప్రమాదము.

ఆ తెగులు శీఘ్రవాడు తెగులు. ఫైటోఫ్తొరా కాప్సిసి అను నీటిబూజు దానికి కారణము. దాని బీజములకు ఈదుటకు తోకలుండును. వానకాలమున నేలరేణువుల నడుమ నిలిచిన నీటిపొరలో అవి ఈదుచు వచ్చి మిరియపు వేరును ముట్టును. నేడు పచ్చగా నున్న తీగ కొలది దినములలోనే ఆకు రాల్చి మోడగును. రసాయనము పోసి దీనిని నివారింపవచ్చును. రైతులు పోయుచునే యున్నారు. కాని ఆకుచెత్త దళముగా కప్పిన నేలలో, ఈ బూజుతో ఆహారమునకు పోటీపడు ట్రైకోడెర్మా వంటి శిలీంధ్రములు సహజముగనే వర్ధిల్లును; చినుకు నేలను కొట్టి బురదను ఆకుపైకి చిందింపదు; మురుగు నిలువదు. గునపముతో పాదు త్రవ్వి వేరును గాయపఱచినచోటనే బూజునకు ద్వారము తెరచుకొనును. కావున ఆకు రాలనిచ్చి, రాలినదానిని ఊడ్వక, నేలను కదపక, మురుగునకు దారి చూపు సోమరితనము వంటి సేద్యమే ఈ తీగకు హితవు. దీనికి నేటివారు పునరుజ్జీవక సేద్యమను పెద్దపేరు పెట్టినారు. అమెరికాలో రాబర్ట్ రోడేల్ 1980ల దశకమున ఆ మాటను ప్రచారములోనికి తెచ్చెను. నేలను కేవలము చెడకుండ కాపాడుట చాలదు, పంట తీసిన కొలది నేల మునుపటికంటె బాగుపడవలెను అనునది దాని సారము. మాట క్రొత్తదేగాని, అడవి ఆ పనిని ఎన్నడును మానలేదు.

మిరియపు తీగకు ఊతచెట్టు కావలెను. కేరళలో తరతరములుగా ముళ్ళ బాడిదచెట్టు ఆ పని చేసెను. పప్పుజాతి చెట్టగుటచే దాని వేరుబుడిపెలలో నత్రజని నిలువయగును. కొమ్మలు నఱికినచో త్వరగా చిగుర్చును. ఆకు మంచి యెరువు. ఇన్ని గుణములుండుట చేత ఎల్లరును దానినే నాటినారు. 2005 ప్రాంతమున ఒకటిన్నర మిల్లీమీటరు పొడవైనను లేని కణితి కందిరీగ యొకటి బయటి దేశమునుండి వచ్చి, బాడిద చిగుళ్ళలో గ్రుడ్లు పెట్టి, ఆకులను ముద్దకణుతులుగా మార్చివైచెను. చెట్లు ఎండినవి, చెట్లతో తీగలు నేలవ్రాలినవి, వయనాడులో మిరియము దెబ్బతినుటకు తెగుళ్ళతోపాటు ఇదియు నొక కారణము. కందిరీగను నిందించి లాభము లేదు. పనస, మామిడి, వేగిస, బాడిద, పోక కలగలిపి పెంచిన తోటలో ఆ కందిరీగ వచ్చినను నాలుగు చెట్లను చెఱిచి పోయెడిది. వైవిధ్యమనునది సౌందర్యము కొఱకు చేయు దానము కాదు; రైతు కట్టుకొను బీమా.

కొడగులోని కాఫీ, మిరియపు తోటలలో జరిగినది వేఱొక విడ్డూరము. అచ్చటి తోటలు ఒకప్పుడు అడవిచెట్ల నీడలోనే యుండెడివి. రానురాను ఆస్ట్రేలియానుండి వచ్చిన సిల్వర్ ఓక్ వాటి స్థానమును ఆక్రమించెను. అది అధికమైన తోటలలో దేశవాళి చెట్ల జాతులు తగ్గినవని పరిశోధకులు వ్రాసినారు. రైతులకు దేశవాళి చెట్టుపై ద్వేషమా? కాదు. తన తోటలోని దేశవాళి చెట్టును కొట్టి అమ్ముకొనుటకు రైతు ఎన్నో అనుమతులు పొందవలెను, పెక్కుచోట్ల దాని కలపపై హక్కు అతనిది కానేకాదు. సిల్వర్ ఓక్‌కు ఆ యడ్డంకులు లేవు. చెట్టును రక్షింపవలెనని చేసిన నిబంధనయే ఆ చెట్టు మొలకను ఎవరును పెరుగనీయకుండ చేసినది. ప్రకృతిశాస్త్ర మెంత తెలిసినను, కాగితముమీది హక్కు తెలియనివాడు అడవి యేల తరుగుచున్నదో చెప్పలేడు.

ఏలకి విషయమున నీడతోపాటు తేనెటీగయు కావలెను. దాని పూలగెలలు మొదలునుండి వెడలి నేలబారుగా ప్రాకును. తెల్లని పువ్వు, పెదవిపై ఊదాగీతలు, ఆయువు ఒక్క దినము. పుప్పొడి తనంతట రాలి పనిచేయదు. పుట్టతేనెటీగయో కొండతేనెటీగయో ఆ గీతల వెంట లోనికి దూరి వీపున పుప్పొడి మోసికొని పోవలెను. ఈగ రాని పూలలో కాయ నిలుచుట మిక్కిలి అరుదు. ఇట్టి తోటలో కాయతొలుచు పురుగునకని మాటిమాటికి మందు చల్లువాడు తన చేతితో తన కాయలనే లెక్క తగ్గించుకొనుచున్నాడు. తేనెటీగకు ఏలకి పూలు ముగిసిన నెలలలో గూడ తిండి కావలెను. నీడచెట్లు పలుజాతులవైనచో ఒకటి కాకున్న ఒకటి పూయుచుండును. సిక్కిములో పెద్దయేలకిని ఉత్తీస్ అను హిమాలయపు చెట్ల క్రింద పెంతురు. అది పప్పుజాతి కాకున్నను, ఫ్రాంకియా అను సూక్ష్మజీవి దాని వేళ్ళలో నత్రజనిని బంధించును. ఎరువు బస్తా ఎక్కలేని వాలుకొండపై చెట్టే ఎరువు మోసి తెచ్చినట్లు.

ఇంతవరకు తోటలు. ఇక అడవికే పోయి ఏరుకొను ద్రవ్యముల సంగతి. ఏరుకొనుట యనగానే కొందఱు అడవికి కీడనియు, మఱికొందఱు అడవిబిడ్డల చేతిలో ఏదియు చెడదనియు తలంతురు. రెండును తొందరపాటు మాటలే. ఏ భాగమును తీసికొనుచున్నాము, ఎప్పుడు, ఎంత, అనుదానినిబట్టి యుండును.

దాల్చినచెక్కను చూడుడు. చెట్టు ఆకులలో వండిన చక్కెర వేళ్ళకు దిగునది బెరడు లోపొరలోనే. నిలుచున్న చెట్టు మొదట చుట్టును బెరడు ఒలిచినచో, ఆ దారి తెగి వేరు ఆకలితో చచ్చును. చెట్టు మెల్లగా ఎండును. సింహళమున తరతరముల వారు కనిపెట్టిన పద్ధతి వేఱు. రెండేండ్ల కొమ్మను వానకాలమున, బెరడు సులువుగా ఊడు సమయమున, మొదలంటి నఱుకుదురు. పైచెక్కును గీకి, ఇత్తడికడ్డీతో రుద్ది వదులుచేసి, లోపట్టను ఒలుతురు. అది ఆరుచు తనంతట చుట్టుకొనును. మొద్దునుండి నాలుగైదు క్రొత్త కొమ్మలు లేచును. నఱికినను బ్రదుకు చెట్టు అది, నఱుకుట తెలిసినవాని చేతిలో.

మరాఠీమొగ్గ యనునది బూరుగుజాతి చెట్టు లేతమొగ్గ. మాఘ ఫాల్గుణములలో ఆకులేని ఆ చెట్టు ఎఱ్ఱని దొప్పల వంటి పూలతో నిండినపుడు గోరువంకలు, కాకులు, ఉడుతలు, రాత్రివేళ గబ్బిలములు దానిపై విందు చేసికొనును; అడవిలో తేనె కఱవైన ఆ నెలలలో అదియే అన్నసత్రము. మొగ్గను కోసినచో పువ్వు లేదు, కాయ లేదు, దూది లేదు, విత్తనము లేదు. చేతికందిన కొమ్మలవరకు కోసినచో చెట్టుకు లెక్కలోనికి రాదు. కొమ్మను నఱికి క్రింద పడవేసి కూర్చుండి కోయుటయే మోసము.

అయితే అడవిద్రవ్యపు చరిత్రలో నా మనస్సున మిక్కిలి నాటినది ఉప్పగె కథ. గార్సీనియా జాతికి చెందిన ఈ చెట్టు పడమటి కనుమల తడియడవులలో పెరుగును. దాని కాయ గుమ్మడివలె గాళ్ళు తీరి, పండి పసుపుపచ్చనగును. మలయాళీలు దాని తొక్కను పొగపై ఎండబెట్టి, కుడంపుళి యని చేపలకూరలో చింతపండునకు మాఱుగా వేసికొందురు. ఉత్తరకన్నడ జిల్లా గ్రామములవారు తమకు కావలసినంత ఏరుకొనుచు, మిగిలినది కోతులకును పక్షులకును విడిచిపెట్టెడివారు. 1990ల దశకమున, ఆ తొక్కలోని హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లము మనుష్యుని కొవ్వును కరగించునను వార్త పాశ్చాత్యదేశములలో గుప్పుమన్నది. ధర ఎగబ్రాకెను. అడవి యెవరిదియు కాదు గనుక అందఱిదియు నయ్యెను. పండువఱకు ఆగినవానికి చెట్టుపై కాయ మిగులలేదు. కావున పక్వమునకు ముందే, పిందె దశలోనే కోసినారు. ఎక్కలేని కొమ్మలను నఱికినారు. కాయ కోతకు వచ్చునది నట్టవానకాలమున, ఎండ లేదు, కావున అడవిలోనే గుడిసెలు వేసి, కట్టెల పొయ్యిలు పెట్టి రేయింబవళ్ళు ఎండించినారు, ఆ కట్టెలు మఱల అడవివే. ఆ పండ్లు సింహపుతోక కోతికి ఆహారము. నల్లని దేహము, తెల్లని జూలు గల ఆ కోతి ప్రపంచమున పడమటి కనుమలలో తప్ప వేఱెక్కడను లేదు. దాని కొఱకును, జాజికాయ జాతిచెట్లు వేళ్ళు మోకాళ్ళవలె పైకెత్తి నిలుచు ఆ చిత్తడియడవుల కొఱకును 2011లో అఘనాశినీ లోయలో సంరక్షణక్షేత్ర మొకటి ఏర్పడినది.

ఇందులోని వ్యంగ్యము వినుడు. 1998లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ఒక పరీక్షాఫలితము వెలువడినది. స్థూలకాయులు 135 మందిలో కొందఱికి ఆ మందును, కొందఱికి ఉత్త మాత్రను పండ్రెండు వారములు ఇచ్చి తూచి చూడగా, మందు తిన్నవారు తిననివారికంటె అధికముగా చిక్కలేదు. చిక్కినది అడవి యొక్కటే.

అదే పడమటి కనుమలలో, ఉత్తరమున మహారాష్ట్ర భాగమున, దీనికి విపరీతమైన కథ నడచినది. తానిచెట్టు మన త్రిఫలములలో ఒకటైన తానికాయ నిచ్చునది. ముసలి తానిచెట్ల తొర్రలలో గొప్ప కొమ్ముముక్కు పక్షి గూడు పెట్టును. ఆడుపక్షి తొర్రలో చేరి మట్టితోను రెట్టతోను వాకిలి పూడ్చుకొనగా, మగపక్షి ఆ సందుగుండ నెలలకొలది పండ్లు అందించుచుండును. అంతటి తొర్ర చిన్నచెట్టునకు ఉండదు. అంతటి చెట్టుపై కలప వ్యాపారి కన్ను పడక మానదు. పూనాకు చెందిన స్వచ్ఛందసంస్థ యొకటి గ్రామస్థులచేత రాలిన కాయలను పద్ధతిగా ఏరించి, శుభ్రముగా ఆరబెట్టించి, ఫెయిర్‌వైల్డ్ అను అంతర్జాతీయ ప్రమాణము క్రింద మంచి ధరకు విదేశీ ఔషధవ్యాపారులకు అమ్మించెను. ఏటేట కాయకు సొమ్ము వచ్చుట చూచిన యజమాని చెట్టును ఒక్కమారుగా అమ్మివేయుటకు తొందరపడడు. ఎంత కోయవచ్చును, విత్తనమునకు ఎంత విడువవలెను, ఏరినవానికి ఏమి దక్కవలెను అను మూడింటిని కలిపి చూచుట ఆ ప్రమాణము యొక్క విశేషము. ప్రమాణపత్రములపై నాకు అంతగా మోజు లేదు. వ్రాతకోతల ఖర్చు చిన్నవాని నడ్డి విఱుచుట కద్దు. ఐనను ఈ చోట కాయ ధరయే చెట్టునకు కావలి కాచినదనుట నిజము.

మన వైపున ఇట్టి మేలుకథ తపసిబంకకు జరిగినది. గొడ్డలితో లోతుగా గంట్లు పెట్టి తపసిచెట్లను చంపుకొనుచున్న గిరిజనులకు, చిన్నపొరను మాత్రమే చెక్కి, గాయము మానువఱకు ఆ వైపు ముట్టకుండు పద్ధతిని విశాఖపట్నములోని కోవెల్ ఫౌండేషన్ వంటి సంస్థలు నేర్పినవి. 1956లో నెలకొన్న గిరిజన సహకార సంస్థ బంకను రకముల వారిగా కొనెను. శుభ్రమైన బంకకు ఎక్కువ ధర యని తెలిసిన పిదప చేయి తనంతట నిదానించినది. 2006నాటి అటవీహక్కుల చట్టము చిన్నతరహా అటవీఫలసాయముపై అడవిని నమ్మి బ్రదుకువారికి యాజమాన్యము కలదని ఒప్పుకొనుటలోని శాస్త్రీయమైన మర్మ మిదియే. ఉప్పగె పిందెను కోసినవాడు అజ్ఞాని కాడు. పండువఱకు ఆగినచో రేపటి కాయ తనదగునన్న నమ్మిక లేనివాడు.

ఎండపంటయైన మిరప గూడ ఈ పాఠమునకు వెలుపల లేదు. 2021లో గుంటూరు, ఖమ్మము ప్రాంతపు చేలపై నల్లతామరపురుగు విరుచుకొనిపడినది. ఆగ్నేయాసియానుండి వచ్చిన ఆ పురుగు ఆకుమీదగాక పువ్వులో దాగును. మందు దానిని చేరదు. చేరినది దానిని తిను అల్లికరెక్కల పురుగులను, నల్లులను, సాలీళ్ళను. రైతులు వారమునకు రెండు మూడు మారులు పిచికారి చేసినను పువ్వు రాలుట ఆగలేదు. తోటలు పెఱికినవా రున్నారు. చేను చుట్టును మొక్కజొన్న, జొన్న వరుసలు వేయుడు, మందుల మోతాదు తగ్గింపుడు అని శాస్త్రజ్ఞులు చెప్పిన మాట, పొలమునకు కొంత అడవిపోలిక తెండు అనుటయే. ఆంధ్రప్రదేశపు ప్రకృతిసేద్యమువారు తొలకరికి ముందే పొడిదుక్కిలో పప్పులు, నూనెగింజలు, చిరుధాన్యములు, కూరగాయలు కలిపి నవధాన్యములు చల్లి, ఏడాదిలో 365 దినములును నేలపై పచ్చదనము నిలుపుమందురు. వేరు బ్రతికియున్నంత కాలము నేలలోనికి చక్కెరరసము దిగుచుండును. ఆ రసమునకు బదులుగా వేరుశిలీంధ్రములు దూరపు మట్టినుండి భాస్వరమును తెచ్చియిచ్చును. నేల బీడైన నెలలలో ఈ బేరము నిలిచిపోవును. 2024లో గుల్బెంకియన్ మానవతాపురస్కారమును పొందినవారిలో ఈ కార్యక్రమమువారును ఉన్నారు.

చివరకు మన్యమునకు వత్తము. పాడేరు, అరకు కొండలలో పోడు కొట్టి బోడియైన వాలులపై, కొన్ని దశాబ్దములుగా సిల్వర్ ఓక్ నీడలో కాఫీయు, ఆ చెట్లపై మిరియపు తీగయు పెరుగుచున్నవి. పైన కొడగును గూర్చి చెప్పిన మాటను ఇచ్చట యథాతథముగా వాడుట అన్యాయము. అక్కడ సిల్వర్ ఓక్ అడవిని త్రోసి వచ్చినది. ఇక్కడ పెక్కుచోట్ల బోడికొండపైకి వచ్చినది. నీడ లేనిచోట ఏ నీడయైనను ముందడుగే. కాని ఒకే చెట్టు నీడలో ఆగిపోక పనసను, నేరేడును, మామిడిని, నారింజను నడుమ నడుమ చేర్చినవారి తోటలో అడుగుపెట్టినచో తేడా చెవికే తెలియును. పిట్టల కూతలు ఎక్కువ.

సంక్రాంతి ముందువెనుకలుగా అక్కడ మిరియపు కోత. వెన్నులో ఒకటి రెండు గింజలు నారింజరంగునకు తిరిగినపుడు ఆ వెన్ను కోతకు వచ్చినట్లు. అన్నియు పచ్చగా నున్నపుడు కోసినచో గింజ తేలిపోవును. అన్నియు ఎఱ్ఱబడువఱకు ఆగినచో పక్షుల పాలగును. నడుము కట్టిన సంచితో ఆడవారు క్రిందివెన్నులను గిల్లుదురు. మగవారు వెదురునిచ్చెన చెట్టునకు చేరవేసి పైకి పోవుదురు. తెచ్చిన వెన్నులను దులిపి పరదామీద పోసినచో, నాలుగైదు దినముల యెండలో పచ్చనిగింజ ముడుతలు పడి నల్లబడును. ఐతే తీగ సిల్వర్ ఓక్ వెంట ఎంత దూరమైనను ప్రాకును, నిచ్చెన అంత దూరము పోదు. ఎవరి చేతికిని అందని ఆ కొనవెన్నులు చెట్టుమీదనే పండి ఎఱ్ఱని పూసలగును. తెల్లవారుజామున పిట్టలు వచ్చి వాటిని మ్రింగును. మఱుసటి తొలకరికి ఆ చెట్ల మొదళ్ళలో, ఎవరును నాటని చోట, గుండెయాకారపు లేతాకులతో మిరియపు మొలకలు లేచును. వాటిలో ఏ రెండును ఒక్కతీరుగా నుండవు.